గుండీల డబ్బా

లాలాగూడ వర్క్‌షాప్ సైరన్ కూసిందంటే
మా లైన్ల క్వార్టర్లన్నీ పొయ్యిమీద చాయ్ పెడుతుండె.
మా ఇంట్ల మాత్రం
అమ్మ రేడియో గొంతు పిసుకుతుండె,
తమ్ముడు బలపం కింద పెడుతుండె.
నేను చెవినవుతుంటి.

నిలువెల్లా చెవి.

పదకొండు నిమిషాలల్ల సైకిల్ వస్తే అది నాయిన.
నలభై దాటితే
కల్లు కాంపౌండ్ నుంచి
నాయిన అంగీ తొడుక్కొని ఇంకెవరో.
స్టాండు ఒక్క తన్నుకు పడితే అన్నం తినొచ్చు.
రెండోసారి తన్నిండంటే
తమ్ముణ్ని మంచం కిందికి తోసి
నీళ్ల డ్రమ్ము అడ్డం జరపాలె.
ఏడేండ్లకు నాకు ఎక్కాలు రాలే గానీ
ఈ లెక్క ఎన్నడూ తప్పలే.

పక్క క్వార్టర్ల రోజ్‌లిన్ ఆంటీ
ఏమైందని ఒక్కనాడు అడుగలే.
మోచేతి మీద కమిలిన మచ్చ చూసింది,
చూపు పక్కకు తిప్పుకోలే.
కుట్టుమిషన్ పక్కన పీట వేసి
పాత బిస్కట్ డబ్బా నా ఒళ్లె బోర్లించింది.
గుండీలు!
గార్డు కోటు ఇత్తడివి,
ఎవరి పెండ్లి గౌనువో ముత్యాలవి,
బడి అంగీల తెల్లవి, పగిలిన కొమ్ముగుండీ ఒకటి.
"రెండు కండ్లవి ఇటు, నాలుగు కండ్లవి అటు.
తొందరేం లేదు బేటా."

గోడవతల గిన్నె పడ్డ సప్పుడు.
నా వేళ్లు ఆగినయి.
ఆమె కాలు ఆగలే.
టకటక టకటక
ఆ సప్పుడు మీద ఈ సప్పుడు కప్పింది,
జ్వరంల వణికే పిల్ల మీద దుప్పటి కప్పినట్టు.
జరసేపటికి నా దమ్ము
ఆమె తొక్కుడుతోని కలిసి నడిచింది.

ఒకనాడు నా గౌను గుండీ ఊడింది.
"ఇది మంచిది కాదా ఆంటీ, అందుకే ఊడిందా?"
పండ్ల నడుమ దారం కొరికి
"గుండీ తప్పు కాదు, ఎవరో గుంజిండ్రు" అన్నది.
అంతే.
మళ్ల సూది దిక్కు చూసుకుంది.

ముప్పై ఏండ్లయింది. నాయిన లేడు.
సైరన్ వినపడనంత దూరం, బోడుప్పల్‌ల ఉంటున్న.
అయినా పొద్దుగూకితే
నా మెడ నరాలు గడియారం చూసుకుంటయి.
లిఫ్టు తలుపు గట్టిగ పడితే
ఎందుకో తెల్వకుండనే టీవీ గొంతు తగ్గిస్త.
ఆఫీసుల అంటరు,
"నువ్వు శాన గట్టిదానివి స్వరూపా."
గట్టిదాన్నయితే
మెట్రో మెట్టుగూడ దాటేటప్పుడు
కిటికీకి వీపు పెట్టి ఎందుకు నిలబడతా?

నిన్న రాత్రి బిడ్డ
లెక్కల నోట్సు మీద పాలగ్లాసు ఒలకబోసింది.
చెయ్యి లేచింది.
నాదేనా అది?
మణికట్టు కాడ నాయిన వెంట్రుకలు మొలిచినట్టుంది.
గాలిలనే ఉంది చెయ్యి.
కింద, బిడ్డ మొఖంల
రెండు కండ్లు చెవులవుతున్నయి.

సింకు కాడికి నడిచిన. నల్లా తిప్పిన.
రెండు కండ్లవి ఇటు.
నాలుగు కండ్లవి అటు.
తొందరేం లేదు.
ఇత్తడి. ముత్యం. కొమ్ము.
పదిహేడో గుండీ కాడ
చెయ్యి మళ్ల నాదయింది.
కొన్ని దినాలు ముప్పై దాక పోవాలె.
ఒకసారైతే డబ్బా మొత్తం ఒడిసినా దొరకలే,
బాత్రూంల గొళ్లెం పెట్టుకొని కూసున్న,
బయట బిడ్డ తలుపు కొట్టుకుంట.
అది కూడ చెప్పాలె.

తడిచేతులతోని కింద కూసొని పాలు తుడిసిన.
"భయమైందా?" అన్న.
నా లెక్కనే
లేదంటదేమో, నవ్వుతదేమో అని బుగులు.
"అయింది" అన్నది.
మా ఇంట్ల ఆ మాట
పైకి అన్న మొదటి మనిషి అది.
నాకు ఏడుపొచ్చింది. ఆగలే, ఆపలే.
నోట్సు కాగితాలు బాల్కనీ తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసినం
ఇద్దరం.
నీలి అంకెలు సగం కరిగిపోయినయి.

పొద్దున యూనిఫాం పట్టుకొని వచ్చింది.
"అమ్మా, గుండీ ఊడింది. నేనేం చెయ్యలే."
"తెలుసు" అన్న.
సూదిబెజ్జంల దారం
మూడోసారికి ఎక్కింది.